పరలోకమునకు పోయిన పిల్లల కథలు



నేడు నేను మాటలాడబోవు విషయము విని, దీపాలవేళ ఇదేమి అమంగళము అని కొందరు నొచ్చుకొనవచ్చును. చనిపోయిన పిల్లలు ఎక్కడికి పోవుదురు, అక్కడ ఏమి చేయుచుందురు అను ప్రశ్న మీద పుట్టిన కథలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక. ఈ ప్రశ్న పిల్లలు తప్పక అడుగుదురు. మనము కసరినచో మనలను అడుగుట మానుదురు గాని, ఆ ప్రశ్న వారిని మానదు.

బందరు మొదలుకొని హంసలదీవి వరకు గల మన సముద్రపుటొడ్డున ఈ ప్రశ్న ఇంటింటను పుట్టిన కాలములు చరిత్రలో కలవు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరును ముంచినప్పుడు, చుట్టుపట్ల గ్రామములతో కలిపి సుమారు 30,000 మంది మరణించిరి. అది మన ముత్తాతల నాటి మాట. 1977 నవంబరు 19వ తేదీ శనివారము నాటి ఉప్పెనను కన్నులార చూచినవారు మాత్రము ఈ మాటలు వినుచున్నవారిలోనే ఉందురు. కార్తికమాసము. వరిచేలు పండుచున్న దినములు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల మీదికి రెండు మూడు నిలువుల యెత్తున నీరు గోడవలె వచ్చి పడినది. సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయినవి. మృతులు సుమారు 10,000 మంది అని లెక్క. అంతకంటె చాల హెచ్చని అక్కడివారు చెప్పుదురు. అట్టి నీటిలో ముందుగా పోవువారు పిల్లలు, ముసలివారు. చెట్టుకొమ్మను తెల్లవారువరకు పట్టుకొని ఉండుటకు చేతులలో బలము కావలెను గదా.

బ్రదికిన పిల్లలు మిగిలిరి. ఆ ఊళ్లలో అన్ననో, చెల్లెలినో, బడిలో ప్రక్కన కూర్చుండు నేస్తమునో పోగొట్టుకొనని పిల్లవాడు అరుదు. వారికి పెద్దలు చెప్పిన జవాబులు రెండే. ఒకటి, దేవుడు తీసికొనిపోయినాడు. రెండవది, ఆ మాట ఎత్తకు, మీ అమ్మ ఏడ్చును. రెండును ప్రేమతో చెప్పినవే. కాని మొదటి జవాబు విన్న పిల్లవానికి దేవుని మీద భయము పుట్టును. రెండవది విన్నవానికి తన ప్రశ్న మీదనే భయము పుట్టును.

ఇంతకు నాకు ఈ ఆలోచన ఒక పరదేశపు పుస్తకము వలన కలిగినది. కొంతకాలము క్రిందట మా మనుమరాలు వేసవి సెలవులకు వచ్చి, వసారాలో కూర్చుండి ఒక ఆంగ్ల గ్రంథము చదువుచు వెక్కి వెక్కి ఏడ్చినది. పదునాలుగేండ్ల పిల్ల. ఏమమ్మా అని అడిగితిని. “మీరే చదవండి తాతయ్యా” అని పుస్తకము నా చేతిలో పెట్టినది. రెండు రాత్రులలో చదివితిని.

స్వీడన్ దేశపు రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1973లో ప్రకటించిన నవల అది. పేరును మన భాషలో “సింహహృదయ సోదరులు” అనవచ్చును. చిన్నవయసున పోయిన ఇద్దరు అన్నదమ్ముల సమాధిని ఒక శ్మశానములో చూచినప్పుడు ఈ కథ తన మనసున మొలకెత్తినదని ఆమె చెప్పెను. కథలోని తల్లి బట్టలు కుట్టి ఇద్దరు కొడుకులను పోషించుచుండును. చిన్నవాడు కార్ల్, పదేండ్లు నిండబోవుచున్నవాడు, దగ్గుతో మంచము పట్టినాడు. తాను బ్రదుకనని పెద్దలు గుసగుసలాడుచుండగా వినినాడు. పెద్దవాడు యోనాతాన్, పదమూడేండ్లవాడు. తమ్ముడు వచ్చి “నేను చచ్చిపోవుదునట, నీకు తెలియునా?” అని అడిగినప్పుడు ఆ పిల్లవాడు అబద్ధమాడలేదు, నోరు మూయించలేదు. చచ్చినవారు పోవు నంగియాల అను దేశమొకటి కలదని, అక్కడ కథలు ఇంకను జరుగుచుండునని, రాత్రులు నెగళ్లు వేసికొని కూర్చుందురని చెప్పినాడు.

తరువాత జరిగినది విపరీతము. ఇల్లు అంటుకొన్నది. యోనాతాన్ తమ్ముని వీపున కట్టుకొని కిటికీలోనుండి దూకి వానిని బ్రదికించి తాను చనిపోయెను. ఒక రాత్రి ఒక తెల్లని పావురము కిటికీ కడకు వచ్చి కూయగా, అన్నయే వచ్చినాడని చిన్నవాడు నమ్మినాడు. ఈ చోటు చదువునప్పుడు నాకు మన కాకి జ్ఞాపకము వచ్చినది. పిండము పెట్టి, కాకి ముట్టువరకు కన్నార్పక చూచు మనకు ఆ పావురమును గూర్చి ఎవరును వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు.

కొలది నెలలలోనే కార్ల్ కూడ మరణించి నంగియాల చేరెను. అయితే ఆ దేశము నందనవనము కాదు. పూచిన చెట్లు, గుఱ్ఱములు, సెలయేరులు ఉన్నవి గాని, ప్రక్క లోయను టెంగిల్ అను క్రూరుడు చెరపట్టియున్నాడు. వాని చేతిలో కాట్లా అను రాక్షస సర్పము కలదు. చనిపోయిన పిల్లలకు అక్కడ పనియున్నది, భయమున్నది, ధైర్యము చూపవలసిన ఘట్టమున్నది. ఈ కల్పన నాకు నచ్చినది. పోయిన బిడ్డ నిద్రపోవుచున్నాడనియో నక్షత్రమైనాడనియో చెప్పుటకంటె, వాడు ఏదో చేయుచున్నాడని చెప్పుట పసిమనసునకు ఎక్కువ నచ్చును. ఊరకుండుట పిల్లలకు చావుకంటెను కష్టము గదా.

పుస్తకము వెలువడినప్పుడు ఆ దేశమున పెద్దలలో కొందరు ఆక్షేపించిరి. చావును ఇంత ఆకర్షణీయముగా చూపరాదనిరి. కథ చివర, సర్పపు జ్వాల సోకి కదలలేకపోయిన అన్నను ఈసారి తమ్ముడు వీపున ఎత్తుకొని, నంగియాలకును ఆవల నున్న మరియొక లోకమును కోరి అగాధములోనికి దూకును. ఆ దూకుటయే వారి ఆక్షేపణకు గురియైనది. రచయిత్రి మాత్రము, రోగముతో ఉన్న పిల్లలకు ఈ కథ ఓదార్పు నిచ్చినదని చెప్పుచుండెను. రెండు పక్షములలోను నిజము కలదని నా అభిప్రాయము. ఆ సంగతి తరువాత చెప్పెదను.

పుస్తకము మూసిన తరువాత నాకు తోచిన మొదటి మాట ఇది: ఇట్టి కథలు మనకు కొత్తవా? పిల్లలు పరలోకమునకు పోయిన కథలు మన ఉపనిషత్తులలో ఉన్నవి, భాగవతములో ఉన్నవి. ముసలితనమున వైరాగ్యముకొరకు చదువునవి అని వానిని అటక మీద పెట్టితిమి.

కఠోపనిషత్తులోని నచికేతుని చూడుడు. వానిని కుమారుడనియే ఉపనిషత్తు పేర్కొన్నది. తండ్రి యజ్ఞము చేసి ముసలి గోవులను దానమిచ్చుచుండగా చూచి, “నన్నెవరి కిచ్చెదవు?” అని మూడుమారులు అడిగినాడు. తండ్రి విసిగి, మృత్యువున కిచ్చెదననినాడు. కోపములో “నీవు చావ” అని తిట్టని తండ్రి మన ఊళ్లలో ఎందరు? పిల్లవాడు నిజముగనే పోయినాడు. యముడు ఇంట లేడు. మూడు రాత్రులు గుమ్మము కడ అన్నము లేక కూర్చున్నాడు. యముడు తిరిగి వచ్చి, బ్రాహ్మణబాలుడు అతిథియై వచ్చి పస్తున్నాడని తెలిసి కంగారుపడినాడు! రాత్రికొకటి చొప్పున మూడు వరములిచ్చినాడు. మూడవ వరమే వేదాంతులకు ముఖ్యము. చచ్చిన తరువాత మనుష్యుడు ఉన్నాడా లేడా అని అడిగినది. దాని మీద భాష్యములు పుట్టినవి. నాకు మాత్రము మొదటి వరము గొప్పగా తోచును. మృత్యువు ఎదుట నిలిచి ఆ పిల్లవాడు మొదట కోరినది, నేను తిరిగి పోయినప్పుడు మా నాయన కోపము పోయి నన్ను గుర్తుపట్టి పలుకరించవలెనని. పరలోకమున నిలుచున్న పిల్లవాని మనసు ఎట్లుండునో ఇంతకంటె సూటిగా చెప్పిన మాట నేనెక్కడను చదువలేదు.

యముడనగానే నేటి పిల్లలకు తోచు రూపము ఉపనిషత్తులోనిది కాదు, సినిమాలోనిది. ఆ రూపము మన సీమనుండియే వెడలినది. గుడివాడ ప్రక్క కౌతవరమున పుట్టిన కైకాల సత్యనారాయణగారు గంభీరమైన గొంతుతో యమధర్మరాజు వేషము కట్టగా, నిమ్మకూరి రామారావుగారు యమలోకమునకు పోయి ఆయనతో వాదము పెట్టుకొన్న “యమగోల” 1977 అక్టోబరులోనే విడుదలయైనది. యముని చూచి జనము కడుపుబ్బ నవ్విన మరుమాసముననే ఉప్పెన వచ్చినది. అందులో నేను ఏ సంకేతమును వెదకను. మృత్యువును చూచి నవ్వగలుగుట మంచిదే. కాని నవ్వు చాలని రోజులు వచ్చినప్పుడు చెప్పుటకు వేరొక కథ చేత నుండవలెను.

అట్టి రోజులలో నేను కన్న సంగతి ఒకటి చెప్పెదను. 1978 వేసవి. నేను అప్పుడు పడుచు ఉపాధ్యాయుడను. దివిసీమలోని ఒక పల్లెలో పని. సగము ఇండ్లు ఇంకను తాటాకు పాకలే. ఎవరి ప్రోద్బలముననో ఒక వృద్ధ పౌరాణికుడు వచ్చి వారము దినములు భాగవత కాలక్షేపము పెట్టినాడు. ఒక రాత్రి సాందీపని కథ వచ్చినది. మీకు తెలిసినదే. చదువు ముగించిన బలరామకృష్ణులను గురుదక్షిణగా గురువు కోరినది, ప్రభాసతీర్థమున సముద్రములో మునిగి పోయిన తన కొడుకును. అన్నదమ్ములు ఒడ్డునకు పోయి సముద్రుని గద్దించి అడిగిరి. నేను తీసికొనలేదు, నాలో తిరుగు పంచజనుడను దైత్యుడు తీసికొన్నాడు అని సముద్రుడు చెప్పినాడు. కృష్ణుడు ఆ శంఖాసురుని చంపి కడుపు చీల్చి చూచెను. పిల్లవాడు లేడు. ఆ శంఖము తీసికొని యముని పట్టణమైన సంయమనికి పోయి పూరించినాడు. యముడు ఎదురు వచ్చి పిల్లవానిని అప్పగించెను. గురువు కొడుకు ఇల్లు చేరెను.

కథ ముగిసెను. ఎవరును పలుకలేదు. ముందు వరుసలో కూర్చున్న ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె లేచి, “తాతగారూ, మా తమ్ముణ్ణి కూడా సముద్రమే తీసుకెళ్ళింది. మరి అడిగి తెచ్చేవాళ్ళు లేరా?” అనినది. వెనుకనుండి ఎవరో “కూర్చోవే” అని కసరిరి. పౌరాణికుడు వారిని చేతితో వారించి, కొంతసేపు ఊరకుండి, “రేపు చెప్తానమ్మా. రేపు కూడా ఇక్కడే కూర్చో” అని గ్రంథము మూసినాడు.

మరునాడు ఆయన వరుస తప్పించి ఉత్తరభాగము తెరచినాడు. దేవకి తన ఆరుగురు బిడ్డలను అడిగిన కథ. పుట్టగనే కంసుని చేతిలో చచ్చిన బిడ్డలు. గురువు కొడుకును తెచ్చి ఇచ్చితివట, నా బిడ్డలను ఒక్కసారి నాకు చూపవా అని ఆమె కొడుకును అడిగెను. అనగా సాందీపని కథ విన్న మీదట దేవకికి పుట్టిన ప్రశ్నయు ఆ పిల్ల ప్రశ్నయు ఒక్కటే. బలరామకృష్ణులు సుతలమునకు పోయి బలిచక్రవర్తి కడ నున్న ఆ ఆరుగురిని తెచ్చిరి. చూచుటతోడనే ఆ తల్లికి పాలు చేపినవి. ఒడిలోనికి తీసికొని, తల మూర్కొని, పాలిచ్చెను. ఆ బిడ్డలు పాలు త్రాగి, తమ పూర్వరూపము తెలిసి, అందరికి నమస్కరించి, దేవతల లోకమునకు పోయిరి. ఉండలేదు. కృష్ణుడంతటివాడు తెచ్చినను ఉండలేదు.

ఆ పిల్ల మరల లేచినది. “వాళ్ళు వెళ్ళిపోతుంటే దేవకి ఏడవలేదా?”

“ఆశ్చర్యపడిందని ఉందమ్మా గ్రంథంలో. ఏడ్చిందని లేదు. ఏడ్చే ఉంటుందని నేననుకుంటాను.”

పిల్ల ఆలోచించి, “పోనీలెండి, పాలు తాగే వెళ్ళారుగా” అని కూర్చున్నది.

ఆ రాత్రి తల్లులు కొందరు గట్టిగా ఏడ్చిరి. ఉప్పెన తరువాత ఆరునెలలకు గాని కొందరికి ఏడ్పు రాలేదని అక్కడివారే నాతో చెప్పిరి.

ఆ పౌరాణికుని వివేకమును నేను నేటికిని తలచుకొందును. భాగవతములోనే చిత్రకేతు కథ కలదు. దానిని ఆయన తెరువలేదు. ఆ రాజునకు లేక లేక పుట్టిన కొడుకు సవతితల్లులు పెట్టిన విషముచేత చనిపోవును. నారదుడు జీవుని పిలువగా, ఆ జీవుడు తిరిగి వచ్చి, నాకు ఎన్నో జన్మములు గడచినవి, ఏ జన్మములో వీరు నాకు తల్లిదండ్రులు అని అడిగి వెడలిపోవును. మహత్తరమైన కథ. దుఃఖములో మునిగిన రాజునకు అది చేదుమందు. కాని అదే మందు తమ్ముని పోగొట్టుకొన్న పిల్లకు పోసినచో, మా తమ్ముడు నన్ను మరచిపోయినాడని తెల్లవార్లు కుములును. వేదాంతము వయసు నెరిగి చెప్పవలసినది.

అదే ఉత్తరభాగములో మరియొక కథ కలదు. ద్వారకలో ఒక బ్రాహ్మణునికి పుట్టిన బిడ్డ పుట్టినట్లే పోవుచుండెను. తొమ్మండుగురు పోయిరి. తరువాతి బిడ్డను నేను కాపాడెదను, కానిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుడు పలికినాడు. బాణములతో పురిటింటిని పంజరముగా కట్టినాడు. ఈసారి బిడ్డ శరీరముతో సహా మాయమైనది. అర్జునుడు యమపురి వెదకినాడు, ఇంద్రుని పట్టణము వెదకినాడు, లోకములన్నియు వెదకి, దొరకక, చితి పేర్చుకొన్నాడు. కృష్ణుడు వారించి, రథమెక్కించి, లోకాలోకపర్వతము దాటి, చక్రపు వెలుగున చీకటి దాటి, ఆ బిడ్డలున్న చోటికి తీసికొనిపోయి తెచ్చి ఇచ్చినాడు. గాండీవధారి ఓడిపోయిన కథ ఇది. తుపానునాడు బిడ్డ చేయి జారిపోయిన తండ్రికి, తన చేతిలో బలము చాలలేదని ఏండ్లతరబడి తన్ను తాను తిట్టుకొను తండ్రికి, ఈ కథ చెప్పి చూడుడు.

ఇప్పుడు స్వీడన్ పుస్తకమును గూర్చి నేను దాచిన మాట. ఆ కథలోను మన కథలలోను ఒక భేదము కలదు. అక్కడ తమ్ముడు అన్నకొరకు తానే ఆ లోకమునకు పోవును, తిరిగి రాడు. మన కథలలో పోయినవారిని వెదకుటకు పెద్దవారు పోవుదురు. కృష్ణుడు పోవును, అర్జునుడు పోవును. పిల్లవాడైన నచికేతుడు పోయినను తండ్రి కడకు తిరిగి రావలెనని వరము కోరుకొనును. ఈ భేదము చిన్నది కాదు. తోబుట్టువును పోగొట్టుకొన్న పసివాడు ఒకనాడు, నేనును అక్క దగ్గరకు పోయెదను అనును. ఇది నేను స్వయముగా విన్న మాట. అట్లనినప్పుడు వానిని కొట్టకుడు, అపశకునమని నోరు నొక్కకుడు, నవ్వి తోసివేయకుడు. దగ్గర కూర్చుండబెట్టుకొని, అక్కను చూచి ఏమి చెప్పవలెనని ఉన్నదిరా అని అడుగుడు. వాడు చెప్పును. ఆ మాట మరల మరల వచ్చుచున్నచో, అన్నము మానినచో, వానిని ఒంటరిగా విడువక వైద్యునికి చూపుడు.

అందుచేత ఆ నవలను పదునాలుగేండ్ల పిల్ల చదివినచో నాకు అభ్యంతరము లేదు. ఇంటిలో ఎవరైన పెద్దవారు తామును చదివి, చివరి పుటను గూర్చి ఆ పిల్లతో మాటలాడవలెను. చిన్నవారి చేతికి ఒంటరిగా ఇయ్యను. వారికి మొదట దేవకి కథ చెప్పుదును. సాందీపని కథ సముద్రపుటొడ్డున ఎంతయో ఇంపుగా నుండును గాని, అందులో పిల్లవాడు తిరిగివచ్చును. దానిని చెప్పి ఊరకున్నచో, మా తమ్ముడేడి అను ప్రశ్న గాలిలో మిగిలిపోవును.

కార్తికమాసములో పురాణ కాలక్షేపము పెట్టుకొను గ్రామములు మన కృష్ణాజిల్లాలో ఇంకను ఉన్నవి. రుక్మిణీకల్యాణముతో సంబరము ముగించుట అలవాటు. ఈసారి ఒక రెండు రాత్రులు పొడిగించి, పిల్లలను వెనుకకు నెట్టక ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఈ రెండు కథలు చదివించుడు. సాందీపని కథ దశమస్కంధపు పూర్వభాగమున ఉన్నది. దేవకి కథ ఉత్తరభాగమున చాల దూరమున ఉన్నది. పౌరాణికునికి పగటివేళనే చెప్పి, పుటలలో గుర్తులు పెట్టించుడు. పిల్లలు అడుగు ప్రశ్నలకు కొంత కాలము విడిచి ఉంచుమని కూడ చెప్పుడు. సెలవు.